మూడో మూల

సీనియర్ అసిస్టెంట్ పరంజ్యోతికి బాపట్ల నుంచి ఒక క్రోమియం ఆక్సైడ్ స్ఫటికంలోకి బదిలీ అయింది. సాధారణ బదిలీల్లో భాగంగానే అయింది. అదే ఉత్తర్వులో ఒకాయనను మాచర్లకు, ఇంకొకామెను రేపల్లెకు వేశారు. మాచర్ల పడ్డాయన సెలవు పెట్టి పైరవీకి పరుగెత్తాడు. పరంజ్యోతి తరఫున పైరవీ చేసేవాళ్ళు ఎవరూ లేరు. బట్టల సంచీ, స్టీలు క్యారియరు పట్టుకుని బస్సెక్కింది.

స్ఫటికం ఒక విశ్వవిద్యాలయంలో, భౌతికశాస్త్ర విభాగం వెనక ఉన్న ప్రయోగశాలలో ఉంది. ముదురాకుపచ్చ రంగు, కందిబద్దంత పరిమాణం. లోపలికి వెళ్ళడం ఆమెకు ఇబ్బంది కాలేదు. కలెక్టరేటులో సరైన గది వెతుక్కోవడం కంటే తేలికే అనిపించింది. గుమ్మం దగ్గర చేరినట్టు సంతకం తీసుకుని, చెప్పులు విడిపించి, ఆమెను ఒక త్రిభుజంలోని మూడో మూలలో నిలబెట్టారు.

ఉద్యోగం శ్రమతో కూడినదేమీ కాదు. స్ఫటికంలో ప్రతి ఉద్యోగికీ ఒక స్థానం, ఆ స్థానంలో రెండే భంగిమలు. ఊర్ధ్వముఖం అంటే తల పైకి. అధోముఖం అంటే తల కిందికి, కాళ్ళు పైకి. తలకిందులుగా ఉన్నవాళ్ళ చీరలు, జడలు, జేబుల్లోని పెన్నులు ఎక్కడివక్కడే ఉండేవి. నియమావళిలో ముఖ్యమైనది ఒక్కటే నియమం. పక్కపక్క స్థానాల్లో ఉన్న ఇద్దరూ ఎదురెదురు భంగిమల్లో ఉండాలి. ఒకరి తల పైకి ఉంటే రెండోవారి తల కిందికి ఉండాలి. దాని వల్ల ఒకరి ముఖానికి ఎదురుగా రెండోవారి పాదాలు వస్తాయి. పొరుగువాళ్ళు పాదాలు చూసుకుంటూ బతకడమే అయస్కాంత క్రమశిక్షణ అని కొత్తగా చేరినవాళ్ళకు మొదటిరోజే చెబుతారు.

పరంజ్యోతి త్రిభుజంలో మొదటి మూలలో పార్వతీపురం నుంచి వచ్చిన దాలినాయుడు ఉన్నాడు. ఆయనది ఊర్ధ్వముఖం. రిటైరుమెంటుకు దగ్గరపడ్డ మనిషి. రెండో మూలలో నంద్యాల వైపు నుంచి వచ్చిన ఖాసింబీ ఉంది. ఆమెది అధోముఖం. వాళ్ళిద్దరూ ఎన్నో ఏళ్ళుగా నియమం ప్రకారం ఎదురెదురుగా ఉన్నారు. ఎన్నో ఏళ్ళుగా ఒకరి ముఖం ఒకరు చూడలేదు.

పరంజ్యోతి మామూలుగా తల పైకి పెట్టుకుని నిలబడింది. దాలినాయుడి ముఖం ఎదురుగా కనిపించింది. చెవుల మీద తెల్లటి వెంట్రుకలు, నెమ్మదైన కళ్ళు.

"కొత్తగా వొచ్చినావా అమ్మా," అన్నాడాయన. "భయపడకు. ఇక్కడ పనేటీ నేదు. నిల్చోడమే పని."

కాసేపటికే ఆమెకు మెమో వచ్చింది. పొరుగు ఉద్యోగి దాలినాయుడితో ఒకే భంగిమలో ఉన్నందుకు సంజాయిషీ ఇవ్వాలని అందులో ఉంది. పరంజ్యోతి ఉద్యోగ జీవితంలో అది మొదటి మెమో. కంగారుపడి తలకిందులైంది. ఇప్పుడు దాలినాయుడి పాదాలు, ఖాసింబీ ముఖం కనిపించాయి. ఖాసింబీ ముక్కుపుడక తళుక్కుమంది.

"వచ్చినావా అక్కా," అంది ఖాసింబీ. "ఇంతసేపూ నీ కాళ్ళే చూస్తాంటి. మొగం ఎట్లుంటాదో అనుకుంటాంటి."

రెండో మెమో వచ్చింది. ఈసారి ఖాసింబీతో ఒకే భంగిమలో ఉన్నందుకు.

మెమోలు తెచ్చేది అబ్బులు. అతను ఆక్సిజన్ పోస్టులో ఉండేవాడు. స్ఫటికంలో ఏ ఇద్దరు పొరుగువాళ్ళకూ నేరుగా సంబంధం ఉండకూడదు. మధ్యలో ఒక ఆక్సిజన్ నిలబడి, ఒక చేత్తో ఇటువైపు, రెండో చేత్తో అటువైపు పట్టుకుని, ఇటు సంగతి అటు చేరవేయాలి. అలా చేరిన సంగతి ఏదైనా సరే, అందుకున్న మనిషిని ఎదురు దిక్కుకు తిప్పేస్తుంది. అది అబ్బులు తప్పు కాదు, పోస్టు స్వభావం.

"అబ్బులూ, నా ముందు ఈ మూలలో ఉన్నవాళ్ళు ఏం చేసేవాళ్ళయ్యా?" అని అడిగింది పరంజ్యోతి.

"తిరుగుతా ఉండేవోరండి," అన్నాడు అబ్బులు.

"ఎందాకా?"

"బదిలీ అయ్యేదాకానండి."

వేసవి కావడం వల్ల మొదట్లో ఇదేమీ పెద్ద బాధ అనిపించలేదు. స్ఫటికంలో వేసవి అంటే ప్రయోగశాలవాళ్ళు చల్లదనం పెట్టని కాలం. ఆ వెచ్చదనంలో చాలామంది భంగిమ నిలకడగా ఉండదు. దాలినాయుడు, ఖాసింబీ లాంటి అలవాటుపడ్డ పాతవాళ్ళు తప్ప అందరూ ఇష్టమొచ్చినట్టు తిరుగుతారు, మెమోలు కుప్పపడతాయి, ఎవరూ జవాబివ్వరు, ఎవరూ అడగరు. పరంజ్యోతి పొద్దున దాలినాయుడి వైపు, సాయంత్రం ఖాసింబీ వైపు తిరిగి కబుర్లు చెప్పుకునేది. దాలినాయుడు కొండ మీద సీతాఫలాల గురించి, దిగువన నాగావళి నీళ్ళ గురించి చెప్పేవాడు. ఖాసింబీ ఉగ్గానిలోకి మిరపకాయ బజ్జీ ఎందుకు ఉండి తీరాలో చెప్పేది.

ఒక సాయంత్రం ఖాసింబీ, "నీ వాళ్ళు ఎవురూ లేరా అక్కా?" అని అడిగింది.

"లేకేం, ఉన్నారు. అన్నయ్య, చెల్లెలు. అమ్మ పోయినప్పుడు భూస్థాపన ప్రార్థన ఏ సంఘం పాస్టరు గారు చెయ్యాలన్న దగ్గర ఇద్దరికీ చెడింది. ఒక క్రిస్మస్‌కి అన్నయ్య ఇంటికెళ్ళాను. చెల్లెలు మాట్లాడటం మానేసింది. మరుసటేడు చెల్లెలి దగ్గరికెళ్ళాను. అన్నయ్య మానేశాడు."

"ఆ తర్వాత?"

"ఆ తర్వాత ఇంట్లోనే వండుకున్నాను. మనిషొక్కదానికి కేకెందుకులే అని సేమ్యా చేసుకున్నాను."

చెయ్యి చాపితే అందేంత దూరం కాదు, అయినా ఖాసింబీ చాపింది. మధ్యలో నిలబడ్డ అబ్బులు తల పక్కకు తిప్పుకున్నాడు.

చలికాలం ఉత్తర్వుతోపాటు వచ్చింది. ప్రయోగశాలవాళ్ళు స్ఫటికాన్ని ద్రవ హీలియంలో దించబోతున్నారని, ఉద్యోగులందరూ తమ తమ భంగిమల్లో స్థిరపడాలని, ఆ తరువాత న్యూట్రాన్ తనిఖీ ఉంటుందని అందులో ఉంది. చలి పెరిగేకొద్దీ ఒక్కో త్రిభుజం సద్దుమణిగింది. మాటలు తగ్గాయి. దాలినాయుడు పైకి, ఖాసింబీ కిందికి బిగిసిపోయారు. పరంజ్యోతికి మాత్రం ఎటు తిరిగినా ఒక వైపు సరిపోయి రెండో వైపు తప్పయ్యేది. వరసగా వస్తున్న మెమోలతో ఆమె స్థానాల అల్లిక అయిన జాలకాన్ని చూసుకునే పర్యవేక్షణాధికారి దగ్గరికి వెళ్ళింది. ఆయన పేరు వైకుంఠరావు. స్వెట్టరు మీద కోటు వేసుకుని, అన్నీ చదివి, కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"ఇందులో సమస్య ఏముందమ్మా? మీరు ఇద్దరికీ ఎదురు భంగిమలో ఉండాలి. అంతే కదా."

"వాళ్ళిద్దరూ ఎదురెదురుగా ఉన్నారండీ. నేను పైకుంటే ఆయనతో కలుస్తాను. కిందికుంటే ఆవిడతో కలుస్తాను. ఉన్నవి రెండే దిక్కులు."

"నిజమే. రెండే."

"మరి ఎట్టాగండీ?"

"అది మీ స్థాయిలో పరిష్కరించుకోవలసిన విషయం." ఆయన ఇంకో కాగితం తీశాడు. "పైగా మీరు రెండో వరస పొరుగువాళ్ళ సంగతి పట్టించుకున్నట్టు లేదు. దగ్గరివాళ్ళతో ఎదురుగా ఉండాలి. వాళ్ళకు అవతల ఉన్న దూరపువాళ్ళతో ఒకే భంగిమలో ఉండాలి. అది వేరే శాఖ ఉత్తర్వు. రెండూ అమల్లో ఉన్నాయి."

"దూరపువాళ్ళు కూడా సగంమంది అటు, సగంమంది ఇటు ఉన్నారండీ."

"అందుకే ఇవి నిలకడైన మనుషులకు ఇచ్చే పోస్టులు," అన్నాడు వైకుంఠరావు. ఆయన గొంతులో వెటకారం లేదు.

ప్రయోగశాలలో ఈ పరిస్థితిని ఫ్రస్ట్రేషన్ అంటారనీ, దాని మీద పెద్ద పెద్ద పత్రాలు రాస్తారనీ ఆమెకు ఆయనే చెప్పాడు. కార్యాలయం ఆ మాటను విసుగు అని తెలుగు చేసుకుంది. విసుగు ఉద్యోగి వ్యక్తిగత విషయం కాబట్టి దాని మీద చర్య తీసుకునే అధికారం ఎవరికీ లేదు.

ఇలాంటివాళ్ళు తానొక్కతేనా అని ఆమె తిరుగుదారిలో అబ్బులును అడిగింది.

"అబ్బే, బోలెడుమందండి. ప్రతి త్రిభుజంలోనూ ఒకళ్ళుంటారండి."

"నా పక్కన ఎవరైనా ఉన్నారా?"

"మీలాంటోళ్ళు ఇద్దరు ఎప్పుడూ పక్కపక్కన పడరండి. ఆ లెక్కనే పోస్టింగులు ఇస్తారండి."

పరంజ్యోతి తన మూలలోకి వచ్చి చాలాసేపు ఆలోచించింది. ఒక మధ్యాహ్నం, ప్రయోగశాలలో కరెంటు పోయి చలి కాస్త సడలినప్పుడు, తన ఆలోచన దాలినాయుడికి చెప్పింది. ముగ్గురూ ఎవరికి వారు మొండిగా నిటారుగా ఉండబట్టే ఈ చిక్కు వచ్చింది. ముగ్గురూ తలా కొంత వాలితే, చక్రంలో మూడు ఆకుల్లాగా మూడు వైపులకు తిరిగితే, ఎవరూ ఎవరితోనూ పూర్తిగా కలవరు. ఎవరికీ పూర్తిగా సరిపోదు, ఎవరికీ పూర్తిగా తప్పు కాదు.

దాలినాయుడు ఆలోచించాడు. "నడుం పట్టీసీలా ఉంది గానీ, సూద్దాం," అన్నాడు. ఖాసింబీ అప్పటికే వాలడం మొదలుపెట్టింది.

ముగ్గురూ మెల్లగా వాలారు. పరంజ్యోతికి ముందు దాలినాయుడి గడ్డం, తరవాత ఖాసింబీ చెంప కనిపించాయి. ఎవరి ముఖమూ పూర్తిగా కాదు, ఏటవాలుగా, సగం సగం. అంతవరకు ఒకరి పాదాలే ఒకరికి తెలిసిన ఆ ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు.

"పాదాల పగుళ్ళు సూసి ఇంకా పెద్దదానివనుకున్నాను," అన్నాడు దాలినాయుడు కొంచెం సిగ్గుపడుతూ.

"మీ కాళ్ళకు చెప్పుల మచ్చ చూసి నేను పడుచోడనుకుంటి నాయుడు సార్," అంది ఖాసింబీ.

దాలినాయుడు నవ్వాడు. ఖాసింబీ నవ్వింది. అబ్బులు చేతులు రెండూ వదులుగా వేలాడుతున్నాయి, అతనికి చేరవేయడానికేమీ లేదు. పరంజ్యోతికి మెడ నొప్పి పుట్టింది. అయినా కదల్లేదు. ఎవరో ఒకరికి వీపు చూపించకుండా తాను చివరిసారి ఎప్పుడు నిలబడిందో ఆమెకు గుర్తు రాలేదు. ఆ మధ్యాహ్నమంతా వాళ్ళు అలాగే వాలి ఉన్నారు.

కరెంటు వచ్చింది. వైకుంఠరావు స్వయంగా వచ్చాడు. పక్కకు వాలే వెసులుబాటు కొన్ని స్ఫటికాల్లో ఉందనీ, ఈ స్ఫటికం ఆ కోవలోకి రాదనీ, ఇక్కడి నేల వాలినవాళ్ళను నిలబడనివ్వదనీ ఓపికగా వివరించాడు. ఆయన చెప్పకపోయినా ఆ ఏర్పాటు నిలిచేది కాదు. ఏ మనిషీ ఒక్క త్రిభుజానికే చెందడు. దాలినాయుడు ఇటు వాలేసరికి ఆయన అవతలి పొరుగువాళ్ళకు లెక్క తప్పింది. అటునుంచి ఫిర్యాదులు వచ్చాయి.

"నాకు ఆవల కూడా మనుషులున్నారు కదమ్మా," అన్నాడు దాలినాయుడు, నడుం నిటారు చేసుకుంటూ. "రిటేరుమెంటు ముందర ఈ తగువులు నాకెందుకు సెప్పు."

ఖాసింబీ కూడా కిందికి తిరిగింది. పరంజ్యోతి ఎదురుగా ఆమె పాదాలు వచ్చాయి.

చలి ఇంకా దిగింది. పరంజ్యోతి తిరుగుతూనే ఉంది. ఆమె తిరుగుడు వల్ల తనిఖీలో స్ఫటికానికి చెడ్డపేరు వస్తుందని పైనుంచి ఒత్తిడి వచ్చినట్టుంది, వైకుంఠరావు ఆమెను పిలిపించి ఒక అవకాశం ఇచ్చాడు. జాలకాన్నే కొంచెం వంచుతారు. త్రిభుజంలో ఒక భుజం పొట్టిదవుతుంది, ఇంకొకటి పొడుగవుతుంది. పొడుగైన వైపు ఉన్న పొరుగువారు దూరం జరిగిపోతారు. ఆ తరువాత వారి భంగిమతో పరంజ్యోతికి నిమిత్తం ఉండదు. దగ్గర మిగిలిన ఒక్కరికి ఎదురుగా తిరిగి స్థిరపడవచ్చు.

"ఎవరిని దూరం పెట్టాలో మీరే చెప్పవచ్చు. ఇలాంటి వెసులుబాటు అందరికీ ఇవ్వం," అన్నాడాయన.

"దగ్గరున్నవాళ్ళ ముఖం కనిపిస్తుందాండీ?"

"కనిపించదు. పాదాలు కనిపిస్తాయి. నియమం నియమమే."

"దూరం వెళ్ళినవాళ్ళది?"

"మీదీ వాళ్ళదీ ఒకే భంగిమ అవుతుంది. ముఖం మీవైపే ఉంటుంది గానీ అంత దూరం చూపు ఆనదు."

ఎవరిని దూరం పెట్టాలో చెప్పడానికి ఆమెకు కొంత గడువు ఇచ్చారు. ఆమె ఏమీ తేల్చకముందే అబ్బులు వచ్చాడు. దాలినాయుడి మాట తెచ్చాడు. "నాయుడు గారు చెప్పమన్నారండి. ఆయన వైపే దూరం చేసేయమన్నారండి. ఆడోళ్ళిద్దరూ దగ్గరుంటే తోడుగా ఉంటదన్నారండి."

ఆ మాట అందగానే పరంజ్యోతి గిర్రున తిరిగింది. ఇంకా సర్దుకోకముందే రెండో చేతినుంచి ఖాసింబీ మాట వచ్చింది. "ఖాసింబీ గారు కూడా చెప్పేరండి. ఆవిడ వైపే దూరం చేసేయమన్నారండి. పెద్దాయన, ఆయన్ని కదిపితే ఏం బాగుంటదన్నారండి."

పరంజ్యోతి మళ్ళీ గిర్రున తిరిగింది. తరవాత అంది, "వాళ్ళు నామీద జాలిపడి అన్నారా అబ్బులూ? లేక నా పీడ వదిలితే చాలుననా?"

అబ్బులు నిజాయితీగా ఆలోచించాడు. "నా చేతికి మాటే వస్తదండి. వెనకాల ఏముందో రాదండి."

ఆమె అబ్బులు చేత ఏ జవాబూ పంపలేదు. పంపితే అది చేరేసరికి ఎటు తిరుగుతుందో ఆమెకు తెలుసు. దాలినాయుడి వైపు తిరిగి ఆయన ముఖంలో చూసింది. ఆయన కళ్ళు నెమ్మదిగానే ఉన్నాయి, చలికి రెప్పలు వాలిపోతున్నాయి. ఖాసింబీ వైపు తిరిగి చూసింది. ఖాసింబీ నిద్రపోతున్నట్టుంది. గడువు దాటిపోయింది. వైకుంఠరావు మళ్ళీ అడగలేదు. జాలకాన్ని ఎవరూ వంచలేదు.

తనిఖీ వచ్చింది. న్యూట్రాన్లు చప్పుడు లేకుండా స్ఫటికం గుండా నడిచివెళ్ళాయి. ఎవరినీ పలకరించలేదు. ఒక్కొక్కరి పక్కనుంచి పోతూ వారి దిక్కు మాత్రం గమనించాయి. దాలినాయుడి దగ్గర పైకి అని తేలింది. ఖాసింబీ దగ్గర కిందికి అని తేలింది. పరంజ్యోతి దగ్గర కొన్నిటికి పైకి, సరిగ్గా అన్నే వేరేవాటికి కిందికి అనిపించింది. సగటు కడితే ఏమీ మిగల్లేదు. ఫలితాలు వచ్చాక స్ఫటికంలో క్రమశిక్షణ సంపూర్ణంగా ఉందని, కొన్ని స్థానాలు ఖాళీగా ఉన్నాయని ప్రకటించారు. దాలినాయుడికీ ఖాసింబీకీ ప్రశంసాపత్రాలు వచ్చాయి. పరంజ్యోతికి మెమోలు ఆగిపోయాయి.

మెమోలు ఆగాయని మొదట ఆమె సంతోషించింది. తరవాత, దాలినాయుడి వైపు తిరిగి "బాగున్నారా నాయుడు గారూ" అంటే, ఆయన ముఖం ఎదురుగా ఉన్నా చూపు తనను దాటి వెనక ఎవరిమీదో ఆనడం గమనించింది. అది కోపం కాదు. ఖాళీ స్థానాన్ని చూసే మనిషి చూపు అలాగే ఉంటుంది. ఖాసింబీ కొంతకాలం పెదవులు కదిపింది. ఆ తరువాత అదీ మానేసింది.

"ఖాళీ అని రాసేసేరండి," అన్నాడు అబ్బులు. అతను కూడా ఆమెవైపు ఉన్న చేతిని వెనక్కి తీసుకుంటున్నాడు.

"నేనున్నానుగా అబ్బులూ."

"ఉన్నారండి. కాకపోతే ఉన్నట్టు తెలవాలంటే ఏదో ఒక పక్కకి నిలబడాలండి."

"ఎవరినీ కాదనుకోలేకపోయాను."

"ఆయ్, అదేనండి." అతను చెయ్యి పూర్తిగా లాక్కున్నాడు. "ఖాళీ పోస్టుకి మాట మొయ్యడానికి నాకు ఆర్డరు లేదండి. ఏం అనుకోకండి."

ఖాళీ స్థానానికి సెలవు అక్కర్లేదు, రిలీవింగ్ ఉత్తర్వూ అక్కర్లేదు. ఒక ఉదయం పరంజ్యోతి సంచీ, క్యారియరు తీసుకుని బయలుదేరింది. వెళ్ళేముందు రెండువైపులా తిరిగి చెప్పింది. గుమ్మం దగ్గర ఎవరూ ఆపలేదు. ఆమె చెప్పులు కూడా అక్కడే ఉన్నాయి. బయట ఎండగా ఉంది. విశ్వవిద్యాలయం గేటు ముందు బాపట్ల బస్సు ఆగితే ఎక్కి, కిటికీ పక్క సీట్లో కూర్చుంది.

పక్క సీట్లో ఖద్దరు చొక్కా తొడుక్కున్న పెద్దమనిషి కూర్చున్నాడు. కొంతదూరం పోయాక మర్యాదగా అడిగాడు.

"ఏ ఊరమ్మా?"

"బాపట్లండీ."

"బాపట్లలో ఎవరి తాలూకు?"

పరంజ్యోతి ఆ ప్రశ్నకు జవాబు కోసం వెతికింది. అన్నయ్య పేరు చెప్పవచ్చు. చెల్లెలి అత్తగారి ఇంటిపేరు చెప్పవచ్చు. ఏది చెప్పినా ఆయన తల ఊపి ఆమెను ఎక్కడో ఒకచోట పెట్టుకునేవాడు.

"ప్రత్యేకించి ఎవరి తాలూకూ కాదండీ," అంది.

"అట్టా ఎట్టా ఉంటారమ్మా ఎవరైనా," అన్నాడాయన. జవాబు కోసం చూసి, రాకపోయేసరికి అవతలి వరసలో ఉన్నవాళ్ళవైపు తిరిగి వాళ్ళు ఎవరి తాలూకో కనుక్కోవడం మొదలుపెట్టాడు. కాసేపటికి ఆ వైపు మంచి కబుర్లు సాగాయి.

పొన్నూరులో బస్సు ఆగింది. జనం తోసుకుంటూ ఎక్కారు. చంకలో పిల్లతో ఒకామె సీట్లన్నీ చూసుకుంటూ వచ్చి వాళ్ళ దగ్గర ఆగింది. "కిటికీ పక్కన ఎవరైనా ఉన్నారా అండీ?" అని పెద్దమనిషిని అడిగింది.

ఆయన తల తిప్పి చూశాడు. ఏం చెప్పాలో తేల్చుకోలేనట్టు కొంచెం ఆగాడు. ఆయనకు ఆ ఇబ్బంది ఎందుకని పరంజ్యోతే జవాబిచ్చింది.

"ఎవరూ లేరమ్మా. కూర్చో."

ఆమె పిల్లను సర్దుకుని వచ్చి, పరంజ్యోతి ఉన్న కిటికీ పక్క చోట్లోనే కూర్చుంది. పరంజ్యోతి సంచీని ఒళ్ళోకి లాక్కుంది. ఇద్దరు కూర్చునే ఆ సీటు ముగ్గురికీ ఇరుకు లేకుండా సరిపోయింది.